లియో ఫెండర్

క్లారెన్స్ లియోనిడాస్ ఫెండర్ (ఆగష్టు 10, 1909 - మార్చి 21, 1991) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన వాద్య పరికరాల రూపకర్త, పారిశ్రామికవేత్త. లియో ఫెండర్ అన్న పేరుతో ప్రపంచ ప్రసిద్ధుడు. టెలికాస్టర్, స్ట్రాటోకాస్టర్ అనే విద్యుత్ గిటార్లు, ప్రెసిషన్ బేస్ అనే మంద్రస్వర విద్యుత్ గిటారు ఇతని కృషి ఫలితాలు. విద్యుత్ గిటారును కనిపెట్టినవాడు ఇతడు కాడు. ఇతనికి ముందే, 1931లో, జార్జ్ బోషాంప్ అనే వాద్యకారుడు అయస్కాంత పికప్ గల గిటారును రూపొందించాడు. అయితే గుల్ల లేని గట్టి చెక్క గిటారును కర్మాగారంలో పెద్ద సంఖ్యలో తయారుచేసి, సామాన్య వాద్యకారుల చేతికి అందించిన ఘనత ఫెండర్‌కు దక్కుతుంది.

గిటార్ల చరిత్రలో ఇంత పేరు పొందిన ఇతనికి గిటారు వాయించడం రాదు, శృతి చేయడం కూడా రాదు. ఇతడు వృత్తిరీత్యా రేడియోలు బాగుచేసేవాడు. పాడైన వస్తువును విప్పి, చెడిన భాగాన్ని తీసి, కొత్తది బిగించే మరమ్మతుదారు దృష్టితోనే ఇతడు గిటారును చూశాడు. అందువల్ల ఇతని గిటారు స్క్రూడ్రైవర్‌తో విప్పదగిన వాద్యంగా రూపొందింది. గిటారు పికప్‌లను వాద్యకారుడే మార్చుకోవడం, అందుకు టంకం (సోల్డరు) సైతం అవసరం లేని పద్ధతులు రావడం ఈ నిర్మాణం వేసిన దారిలో జరిగిన పరిణామాలే.

బాల్యం, విద్య

లియో ఫెండర్ కాలిఫోర్నియా రాష్ట్రంలో అనాహైమ్, ఫుల్లర్టన్ పట్టణాల నడుమ నారింజ తోట సాగుచేసే రైతు కుటుంబంలో జన్మించాడు. తండ్రి క్లారెన్స్ మాంటీ ఫెండర్, తల్లి హ్యారియెట్ ఎల్వైరా వుడ్. ఎనిమిదేళ్ల వయసులో లియో ఎడమ కంటిలో కణితి ఏర్పడింది. వైద్యులు ఆ కన్ను తొలగించి గాజు కన్ను అమర్చారు. ఈ కారణంగానే రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఇతడిని సైన్యంలోకి తీసుకోలేదు. సూక్ష్మమైన తీగలతో జీవితమంతా పనిచేసిన ఈ వ్యక్తికి ఒక్క కన్నే ఉండేదన్న సంగతి గుర్తుంచుకోదగినది.

బాల్యంలో కొంతకాలం పియానో, తరువాత శాక్సాఫోన్ నేర్చుకున్నాడు గాని వాటిలో ముందుకు సాగలేదు. 1922లో బంధువైన జాన్ వెస్ట్ పారవేసిన రేడియో భాగాలు, ఒక బ్యాటరీ ఉన్న పెట్టెను అతనికి పంపాడు. ఆ బంధువుకు శాంటా మరియా పట్టణంలో కార్ల విద్యుత్ పరికరాలు బాగుచేసే దుకాణం ఉండేది. మరుసటి ఏడాది లియో అక్కడికి వెళ్ళినప్పుడు, విడిభాగాలతో ఆ బంధువు స్వయంగా తయారుచేసి దుకాణం ముందు ఉంచిన రేడియోను చూశాడు. దాని స్పీకరులో నుండి బిగ్గరగా వెలువడిన సంగీతం అతని మనసులో చెరగని ముద్ర వేసింది. ఆనాటి నుండి ఇంటివద్ద రేడియోలు విప్పి చూడడం, ఇరుగుపొరుగు వారివి బాగుచేసి ఇవ్వడం అతనికి అలవాటుగా మారింది.

1928లో ఫుల్లర్టన్ ఉన్నత పాఠశాల చదువు ముగించి, ఫుల్లర్టన్ జూనియర్ కళాశాలలో గణకశాస్త్రం చదివాడు. ఎలక్ట్రానిక్స్‌లో ఇతనికి ఏ పట్టా లేదు. ఆ విద్య అంతా స్వయంకృషితో సంపాదించుకున్నదే.

ఉద్యోగాలు, రేడియో దుకాణం

చదువు తరువాత లియో అనాహైమ్‌లోని ఒక మంచు, శీతల గిడ్డంగి సంస్థలో సరుకు చేరవేసే పనిలో చేరి, ఆ తరువాత అక్కడే లెక్కలు వ్రాసేవాడయ్యాడు. ఆ రోజుల్లోనే స్థానిక వాద్యబృంద నాయకుడొకరు నృత్య సభలకు ధ్వనివర్ధక పరికరాలు కావాలని కోరగా, వాటిని తయారుచేసి ఇచ్చాడు. 1934లో ఎస్తర్ క్లోస్కీని వివాహం చేసుకున్నాడు. అనంతరం రాష్ట్ర రహదారుల శాఖలో గణకుడిగా పనిచేశాడు. ఆర్థిక మాంద్యం కాలంలో ఆ ఉద్యోగం పోయింది. తరువాత ఒక టైర్ల కంపెనీలో దొరికిన ఉద్యోగం కూడా ఆరు నెలలకే పోయింది.

1938లో 600 డాలర్లు అప్పు తెచ్చి, ఫుల్లర్టన్‌లో ఫెండర్ రేడియో సర్వీస్ అనే దుకాణం తెరిచాడు. రేడియోలు, గ్రామఫోన్లు, ధ్వనివర్ధకాలు అక్కడికి మరమ్మతుకు వచ్చేవి. చుట్టుపక్కల వాద్యకారులు తమ గిటార్లను, ఆంప్లిఫయర్లను కూడా తెచ్చేవారు. ఒకే రకం భాగాలు మళ్ళీ మళ్ళీ చెడిపోవడం, వాటిని చేరుకోవడానికి వాద్యమంతా కదిలించవలసి రావడం లియో గమనించాడు. తయారీదారు చేసిన తప్పు మరమ్మతు బల్ల మీద బయటపడుతుంది. ఆ బల్లే అతనికి పాఠశాల అయింది.

కాఫ్‌మన్‌తో భాగస్వామ్యం

ఈ దుకాణానికి వచ్చినవారిలో క్లేటన్ ఓర్ కాఫ్‌మన్ ఒకడు. అందరూ ఇతనిని డాక్ కాఫ్‌మన్ అని పిలిచేవారు. అంతకు ముందే రికెన్‌బ్యాకర్ సంస్థ గిటార్లకు సంబంధించిన పరికరాలు రూపొందించిన అనుభవం ఇతనికి ఉంది. ఇద్దరూ కలసి గ్రామఫోన్ రికార్డులను వాటంతట అవే మార్చే యంత్రాన్ని తయారుచేసి, దాని హక్కులను అమ్మారు. ఆ తరువాత ఒళ్ళో పెట్టుకుని వాయించే స్టీల్ గిటార్లు, ఆంప్లిఫయర్లు తయారుచేసే సంస్థను కె అండ్ ఎఫ్ అనే పేరుతో నెలకొల్పారు.

పికప్‌లను పరీక్షించడానికి లియో 1943 ప్రాంతంలో గట్టి చెక్కతో ఒక ముతక గిటారు తయారుచేశాడు. అది అమ్మకానికి చేసినది కాదు. అయినా స్థానిక వాద్యకారులు దానిని అద్దెకు అడిగి తీసుకుపోయేవారు. గట్టి చెక్క గిటారుకు గిరాకీ ఉందని అతనికి దానివల్ల తెలిసివచ్చింది. అప్పులకు వెరచి కాఫ్‌మన్ 1946లో వైదొలగగా, లియో ఫెండర్ ఎలక్ట్రిక్ ఇన్‌స్ట్రుమెంట్ కంపెనీ అనే పేరుతో ఒంటరిగా కొనసాగాడు. 1948లో జార్జ్ ఫుల్లర్టన్ అనే యువకుడు పనిలో చేరి, జీవితాంతం అతనికి సహచరుడయ్యాడు.

పికప్ పనిచేసే తీరు

ఫెండర్ కృషిని అర్థం చేసుకోవడానికి పికప్ గురించి కొంత తెలియాలి. పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ వెంట్రుకవంటి సన్నని రాగి తీగను కొన్ని వేల చుట్లు చుట్టిన చిన్న పరికరం. దీనిని గిటారు ఉక్కు తీగల క్రింద అమర్చుతారు. తీగను మీటినప్పుడు దాని కంపనం వలన అయస్కాంత క్షేత్రం మారుతూ, రాగి చుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. పాఠశాలలో చదివే ఫారడే ప్రేరణ సూత్రమే ఇది. ఆ విద్యుత్తు ధ్వని స్థాయిని, స్వభావాన్ని సవరించే మీటల గుండా ఆంప్లిఫయరుకు చేరి, అక్కడ పెద్దదై స్పీకరులో శబ్దంగా మారుతుంది. పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లుకు చెందిన ఉప్పలపు శ్రీనివాస్ కర్ణాటక సంగీతాన్ని వినిపించిన విద్యుత్ మాండొలిన్ కూడా ఇటువంటి పికప్ గల వాద్యమే.

చుట్ల సంఖ్య, తీగ మందం, అయస్కాంతం రకం, తీగల క్రింద పికప్ ఉన్న చోటు మారితే నాదం మారుతుంది. బ్రిడ్జికి దగ్గరగా ఉన్న పికప్ పదునైన నాదాన్ని, మెడకు దగ్గరగా ఉన్నది మృదువైన నాదాన్ని ఇస్తాయి. కనుక ఒకే గిటారుకు వేరే పికప్ బిగిస్తే దాని గొంతే మారినట్లవుతుంది.

టెలికాస్టర్

గుల్లగా ఉన్న గిటారుకు పికప్ పెట్టి ధ్వని పెంచితే, స్పీకరు శబ్దానికి గిటారు పెట్టె కూడా కంపించి ఊళ పుడుతుంది. గట్టి చెక్కలో ఈ బాధ బాగా తగ్గుతుంది. ఫెండర్ 1950లో ఎస్క్వైర్ అనే గట్టి చెక్క గిటారును విడుదల చేశాడు. మొదటి గిటార్ల మెడలో బలాన్నిచ్చే ఉక్కు కడ్డీ లేనందున కొన్ని మెడలు వంగిపోయాయి. వెంటనే కడ్డీని చేర్చారు. అదే ఏడాది రెండు పికప్‌లతో బ్రాడ్‌కాస్టర్ అనే గిటారు వచ్చింది. గ్రెచ్ కంపెనీ దాదాపు ఇదే పేరుతో డ్రమ్ములు అమ్ముతున్నట్లు తెలియజేయగా, ఆ పేరును విడిచిపెట్టవలసి వచ్చింది. కొత్త పేరు కుదిరేవరకు ముద్రించి ఉన్న లేబుళ్ళలో ఆ మాటను కత్తిరించి గిటార్లు అమ్మారు. 1951లో దీనికి టెలికాస్టర్ అని పేరు పెట్టారు.

ఆనాటి గిటార్లలో మెడను జిగురుతో దేహానికి అతికించేవారు. మెడ చెడితే నిపుణుడైన వడ్రంగి వద్దకు వెళ్ళవలసిందే. ఫెండర్ మెడను నాలుగు స్క్రూలతో బిగించాడు. ధ్వని మీటలను, వాటి తీగలను ఒక చిన్న లోహపు పలకకు అమర్చాడు. రెండు స్క్రూలు విప్పితే ఆ పలక మొత్తం పైకి వస్తుంది. లోపలి తీగలకు గుడ్డ తొడుగు ఉండేది. ఆ తొడుగును వెనక్కి నెడితే చాలు, టంకం వేయడానికి రాగి బయటపడుతుంది. ఇవన్నీ మరమ్మతు దుకాణం నేర్పిన పాఠాలే. అతకడం కన్న బిగించడం కర్మాగారంలో ఖర్చును కూడా తగ్గించింది.

ప్రెసిషన్ బేస్

1951లోనే ఫెండర్ ప్రెసిషన్ బేస్ అనే నాలుగు తీగల వాద్యాన్ని విడుదల చేశాడు. అంతవరకు మంద్రస్వరాలకు నిలువెత్తు డబుల్ బేస్‌ను వాడేవారు. దానిని ఊరూరా మోసుకుపోవడం కష్టం, పెద్ద బృందంలో దాని శబ్దం వినిపించడమూ కష్టమే. పైగా దానికి మెట్లు లేనందున స్వరస్థానాన్ని చెవితో పట్టుకోవాలి. ఫెండర్ వాద్యానికి వీణకు వలె మెట్లు ఉండటం వలన స్వరం ఖచ్చితంగా పలికేది. ప్రెసిషన్ అన్న పేరు అందుకే వచ్చింది. ఆధునిక జనరంజక సంగీతంలో మంద్రస్వర వాద్యం రూపాన్నే ఇది మార్చివేసింది.

స్ట్రాటోకాస్టర్

టెలికాస్టర్ వాయించేవారి నుండి ఫెండర్ ఫిర్యాదులు అడిగి తెలుసుకునేవాడు. దేహం అంచులు ప్రక్కటెముకలకు గుచ్చుకుంటున్నాయని, ప్రతి తీగకు విడిగా శృతి సవరించే వీలు కావాలని వాద్యకారులు చెప్పారు. వీరిలో బిల్ కార్సన్ ముఖ్యుడు. వాద్యకారుడు, రూపకర్త అయిన ఫ్రెడ్డీ టవారెస్ ఆకృతిని గీయడంలో సహాయపడ్డాడు. ఫలితంగా 1954లో స్ట్రాటోకాస్టర్ వెలువడింది. మూడు పికప్‌లు, శరీరానికి ఒదిగేలా చెక్కిన దేహం, తీగల బిగువును కదిలించి స్వరాన్ని ఊగించే మీట దీని ప్రత్యేకతలు.

నిర్మాణరీత్యా దీనిలో మరొక విశేషం ఉంది. మూడు పికప్‌లు, మీటలు, స్విచ్చి అన్నీ ఒకే ప్లాస్టిక్ పలకకు అమరి ఉంటాయి. ఆ పలకను మొదట ఎనిమిది స్క్రూలతో, 1959 నుండి పదకొండు స్క్రూలతో బిగించారు. గిటారు తీగలు వదులుచేసి ఈ స్క్రూలు తీస్తే వాద్యం విద్యుత్ భాగం దాదాపు అంతా చేతిలోకి వస్తుంది. మిగిలేవి ఆంప్లిఫయరు తీగ గుచ్చే సాకెట్టుకు పోయే రెండు తీగలు, వెనుకనున్న స్ప్రింగుల కొక్కేనికి పోయే ఎర్త్ తీగ మాత్రమే.

అనారోగ్యం, కంపెనీ విక్రయం

1950ల దశకం మధ్య నుండి లియోకు స్ట్రెప్టోకాకస్ క్రిముల వలన సైనస్ జబ్బు పట్టుకుంది. ఎంత వైద్యం చేయించినా తగ్గలేదు. తాను ఎక్కువ కాలం జీవించనన్న భయంతో కంపెనీని అమ్మివేయాలని నిశ్చయించుకున్నాడు. 1965 జనవరిలో సి.బి.ఎస్. ప్రసార సంస్థ 1 కోటి 30 లక్షల డాలర్లకు దానిని కొన్నది. విక్రయం తరువాత లియో వైద్యుడిని మార్చగా ఆ జబ్బు నయమైంది. కాని అప్పటికే అతని కంపెనీ మాత్రమే కాదు, గిటార్ల మీద వ్రాసుకునే తన ఇంటిపేరు కూడా ఇతరుల సొత్తు అయిపోయింది. పదేళ్ళపాటు పోటీ వ్యాపారం చేయరాదన్న షరతుకు కూడా అతడు కట్టుబడ్డాడు.

ఇతరుల చేతుల్లో ఫెండర్ గిటారు

సి.బి.ఎస్. కాలంలో తయారైన గిటార్ల నాణ్యత తగ్గిందని వాద్యకారులు భావించసాగారు. పాత ఫెండర్ గిటార్లకు గిరాకీ పెరిగింది. తమ వద్ద ఉన్నవాటిని తామే మెరుగుపరచుకోవడం కూడా అప్పుడే ఊపందుకుంది. విప్పి బిగించగల నిర్మాణం వారికి అందుకు వీలిచ్చింది. ఆంగ్ల గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ 1970లో నాష్‌విల్ నగరంలో పాత స్ట్రాటోకాస్టర్లు ఆరు కొని, మూడింటిని మిత్రులకు ఇచ్చివేసి, మిగిలిన మూడింటిలోని మంచి భాగాలతో ఒక గిటారును కూర్చుకున్నాడు. బ్లాకీ అని పిలువబడిన ఆ గిటారు 2004లో వేలంలో 9,59,500 డాలర్లు పలికింది. ఎడ్డీ వాన్ హేలెన్ 1970లలో స్ట్రాటోకాస్టర్ ఆకారపు దేహంలో గిబ్సన్ గిటారు పికప్‌ను అమర్చి తనదైన నాదాన్ని సాధించాడు. అదే దశకంలో లారీ డిమార్జియో, సేమూర్ డంకన్ వంటివారు విడిగా పికప్‌లు తయారుచేసి అమ్మే సంస్థలు నెలకొల్పారు. సంగీత దుకాణంలో పికప్ ఒక విడి సరుకుగా మారింది.

అయినా ఒక అడ్డంకి మిగిలింది. ఫెండర్ పికప్‌ను స్క్రూతో బిగించాడు గాని దాని తీగలను టంకంతోనే కలిపాడు. కనుక పికప్ మార్చాలంటే టంకం కాచే ఇనుము చేతపట్టవలసిందే. అలవాటు లేనివారు ఎక్కువసేపు వేడిచేసి మీటలను పాడుచేయడం, టంకం సరిగా కరగక అతుకు వదులై గరగర శబ్దం రావడం సాధారణం.

ఈ అడ్డంకిని తొలగించిన తొలి ప్రసిద్ధ ప్రయత్నం ఫెండర్‌ది కాదు. 1969లో డాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే రూపకర్త ఆంపెగ్ కంపెనీ కోసం పారదర్శకమైన ప్లాస్టిక్ గిటారును రూపొందించాడు. దీనిలో పికప్‌ను బల్ల సొరుగు వలె ప్రక్క నుండి లోనికి జరిపితే, దాని మొనలు లోపలి సాకెట్టులో కూర్చునేవి. బిల్ లారెన్స్ దీనికి వేర్వేరు నాదాలు గల పికప్‌లు తయారుచేశాడు. అదే ఏడాది రోలింగ్ స్టోన్స్ బృందం యాత్రలో కీత్ రిచర్డ్స్ ఈ గిటారు వాయించాడు. తరువాతి కాలంలో ఇ.ఎం.జి. వంటి సంస్థలు గుచ్చితే సరిపోయే చిన్న ప్లగ్గులు గల పికప్‌లను, అందుకు తగిన మీటలను అమ్మకానికి తెచ్చాయి. తీగ కొసను పెట్టి చిన్న స్క్రూతో బిగించే పద్ధతి కూడా ఉంది.

టంకం లేనంత మాత్రాన జాగ్రత్త అక్కరలేదని కాదు. ఒక్కో తయారీదారు తీగల రంగులకు ఒక్కో అర్థం ఇస్తాడు. రెండు పికప్‌లలో ఒకదాని తీగలు తారుమారైతే, రెండింటినీ కలిపి వాడినప్పుడు వాటి సంకేతాలు ఒకదానినొకటి తగ్గించుకుని నాదం పలచబడుతుంది. గిటారు తీగలకు కలిసే ఎర్త్ తీగ వదులైతే గుయ్యిమనే శబ్దం వస్తుంది. ఒక సంస్థ ప్లగ్గు వేరొక సంస్థ సాకెట్టుకు సరిపడకపోవచ్చు. చక్కగా వేసిన టంకపు అతుకు దశాబ్దాలు నిలుస్తుంది. ప్లగ్గు పద్ధతి వలన లాభం, వాద్యకారుడు రెండు మూడు పికప్‌లను ఒకదాని తరువాత ఒకటి బిగించి, విని, తనకు నచ్చినదానిని ఎంచుకోగలగడం.

మ్యూజిక్ మ్యాన్, జి అండ్ ఎల్

విక్రయం తరువాత లియో సి.ఎల్.ఎఫ్. రీసెర్చ్ పేరుతో తన ప్రయోగశాలను నడిపాడు. తన పాత ఉద్యోగులు ఫారెస్ట్ వైట్, టామ్ వాకర్ నెలకొల్పిన సంస్థకు తోడ్పాటు అందించాడు. 1974లో ఆ సంస్థకు మ్యూజిక్ మ్యాన్ అనే పేరు స్థిరపడింది. షరతు గడువు తీరిన తరువాత 1975లో లియో దానికి అధ్యక్షుడయ్యాడు. 1976లో వచ్చిన స్టింగ్‌రే బేస్ గిటారులో బ్యాటరీతో పనిచేసే సర్క్యూట్‌ను అమర్చారు. భాగస్వాముల మధ్య పొరపొచ్చాలు రాగా లియో దూరమయ్యాడు.

1979లో భార్య ఎస్తర్ మరణించింది. ఆ కాలంలోనే జార్జ్ ఫుల్లర్టన్‌తో కలసి జి అండ్ ఎల్ అనే సంస్థను ప్రారంభించాడు. జార్జ్, లియో అనే పేర్ల మొదటి అక్షరాలే దాని పేరు. ఫెండర్ అన్న పేరును వాడుకునే హక్కు దాని యజమానికే లేకపోవడం విచిత్రమైన పరిస్థితి. 1980లో ఫిల్లిస్‌ను వివాహం చేసుకున్నాడు. జి అండ్ ఎల్‌లో అతడు పికప్‌ల మీద పనిని కొనసాగించి, సెరామిక్ అయస్కాంతంతో పాటు ఒక్కొక్క తీగకు విడిగా ఎత్తు సవరించుకోగల ఇనుప మొనలు ఉన్న కొత్త రకాన్ని రూపొందించాడు. తన పాత గిటార్ల కన్న ఇవే మెరుగైనవని అతని నమ్మకం. లోకం మాత్రం 1950ల నాటి గిటార్లనే ఎక్కువగా కోరుకుంది. 1985లో విలియం షుల్ట్జ్ నాయకత్వంలో ఉద్యోగులు, పెట్టుబడిదారులు ఫెండర్ కంపెనీని సి.బి.ఎస్. నుండి కొన్నారు.

వ్యక్తిత్వం

లియో మితభాషి. వేదికల కన్న పనిబల్లనే ఇష్టపడేవాడు. వాయించడం రాదు గనుక ప్రతి కొత్త నమూనాను వాద్యకారుల చేతికిచ్చి, వారు చెప్పినదానిని బట్టి మార్పులు చేసేవాడు. తన చెవి కన్న వారి అనుభవాన్ని నమ్మడం అతని పద్ధతి. తాను చేసినదానిని మరొకరు విప్పుతారని, విప్పవలసి వస్తుందని ముందే ఎంచి పనిచేసిన రూపకర్త ఇతడు.

మరణం, గౌరవాలు

చివరి సంవత్సరాల్లో లియోకు పార్కిన్సన్ వ్యాధి సోకింది. అయినా జి అండ్ ఎల్ ప్రయోగశాలకు వెళ్ళి పనిచేస్తూనే ఉండేవాడు. 1991 మార్చి 21న ఫుల్లర్టన్‌లో 81 ఏళ్ల వయసులో మరణించాడు. శాంటా ఆనాలోని ఫెయిర్‌హేవెన్ శ్మశానవాటికలో అతని సమాధి ఉంది. 1992లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో అతనికి స్థానం లభించింది. 2009లో సాంకేతిక సేవలకు గ్రామీ పురస్కారాన్ని మరణానంతరం ప్రకటించారు. టెలికాస్టర్, స్ట్రాటోకాస్టర్, ప్రెసిషన్ బేస్ గిటార్లు మౌలికమైన ఆకృతి మారకుండా నేటికీ తయారవుతున్నాయి. వాటి మెడను నేటికీ స్క్రూలతోనే బిగిస్తున్నారు.